ఆయమ్మ చెప్పిన పేర్లు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నా చేతికి యాభై దాటాక వచ్చాయి. ఒత్తు పెట్టాల్సిన చోట మరచిపోతాను, అక్కర్లేని చోట దీర్ఘం లాగుతాను. ఒక్క పేజీకి నాకు రెండు పూటలు పడుతుంది. అందుకే ఈ కథ రెండు వానాకాలాలు నా దగ్గరే ఉండిపోయింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

వజ్రమ్మ మెదక్‌లో బస్టాండు వెనక సందులో, ఒక డాక్టరమ్మ నడిపే కాన్పుల దవాఖానలో ఆయమ్మ. పద్నాలుగేళ్లుగా అదే పని. భర్త జయానందం ఇళ్లకు రంగులు వేసేవాడు, కామెర్లు ముదిరి పోయి ఐదేళ్లయింది. ఆమెకు మిగిలినవి రెండే. ఒకటి కూతురు నిస్సి, ఈ ఏడే ఇంటర్ పాసైంది. రెండోది శివ్వంపేట దగ్గర అత్తింటి వైపు నుంచి వచ్చిన ఇరవై గుంటల చెలక, వాన మీదే పండే మెట్ట భూమి. ఇప్పుడు మొదటిదాని కోసం రెండోదాన్ని అమ్మాల్సిన రోజు వచ్చి గుమ్మంలో నిలబడింది.

నిస్సి నర్సు చదువుతానంది. సర్కారు కాలేజీలో సీటు రాలేదు. ఆ దిగులులో ఉండగా గురువారం పొద్దున కృష్ణమోహన్ వచ్చాడు. కాలేజీల్లో పిల్లల్ని చేర్పించి కమీషన్ తీసుకునే మనిషి. ఇస్త్రీ చొక్కా, మాటలో తేనె. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. ప్రతి పేజీ అద్దంలా మెరుస్తోంది. తెరిస్తే జయానందం కొత్త రంగు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన వచ్చింది. అద్దాల బిల్డింగు, తెల్ల బట్టల్లో నవ్వుతున్న పిల్లలు, ఏవో యంత్రాలు. అట్ట మీద గుండ్రటి ముద్ర, అందులో ఒక దీపం, దీపానికి అటూ ఇటూ రెండు నెమళ్లు.

నాలుగేళ్ల డిగ్రీ అన్నాడు. ఫీజు, హాస్టలు అన్నీ కలిపి ఆరు లక్షలన్నాడు. మొదటి ఏడాది లక్షన్నర ముందే కట్టాలి, మిగతాదానికి బ్యాంకు లోను తానే ఇప్పిస్తాడు. చెలక కొనడానికి పార్టీని కూడా తానే చూస్తాడు. సోమవారం వచ్చి నిస్సి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుపోతాడు, అవి ఇస్తే సీటు ఖాయం.

"నాలుగేండ్లు ఓపిక పట్టక్కా. కాలేజికి సొంత దవాఖాన ఉన్నది, నౌకరీ గ్యారంటీ. పిల్ల జర్మనీ పోతది, నువ్వు కాలు మీద కాలేసుకొని కూసుంటవ్."

వజ్రమ్మకు కాలు మీద కాలు వేసుకోవడం ఎలా ఉంటుందో కూడా గుర్తులేదు. పొద్దున ఆరింటికి దవాఖానకు పోతే సాయంత్రం ఆరింటికి తిరిగి వస్తుంది. అప్పటికి కాళ్లు రెండు మొద్దుల్లా ఉంటాయి.

రెండో దారి పాస్టరయ్య చూపించాడు. బస్సులో నాలుగు గంటల దూరంలో ఒక పాత క్రైస్తవ మిషన్ దవాఖాన ఉంది, దానికే ఒక నర్సింగ్ స్కూలు ఉంది. మూడేళ్ల చదువు. డిగ్రీ రాదు, డిప్లొమా వస్తుంది. తిండి, గది, చదువు కలిపి ఏడాదికి నలభై వేలు. చదువు అయ్యాక రెండేళ్లు అక్కడే తక్కువ జీతానికి పని చేస్తానని బాండు రాసివ్వాలి. దరఖాస్తుకు మంగళవారం ఆఖరు. సర్టిఫికెట్లు ఉన్నది ఒక్క జత. సోమవారం కృష్ణమోహన్ చేతికి పోతే మంగళవారం మిషనుకు ఇవ్వడానికి ఏమీ ఉండదు.

నిస్సి మనసు మాత్రం మెరిసే పుస్తకం మీదే ఉంది.

"మూడేండ్ల కోర్సు చేసి నేను సుత ఎలిశిబా ఆంటీ లెక్క మోకాళ్లు పట్టుకొని మెదక్‌లనే ఉండాల్నా అమ్మా?" అంది.

ఎలిశిబా అంటే వజ్రమ్మ పనిచేసే దవాఖానలో పెద్ద సిస్టరు.  ఆ రాత్రి వజ్రమ్మ మెరిసే పుస్తకాన్ని బైబిల్లో పెట్టి పడుకుంది. తక్కెడలో ఒకవైపు చెలక, ఒకవైపు పిల్ల. ఎటు మొగ్గినా తన గుండె మీదే పడేలా ఉంది.

మర్నాడు ఆ పుస్తకాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని పనికి వెళ్లింది. మందుల దుకాణం అతనితో అందులోని చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదివించుకుందామని. ఎలిశిబాకు చూపించాలని అనుకోలేదు. ఎలిశిబా మిషన్లో చదివిన మనిషి, మిషనే మేలంటుందని ముందే తెలుసు. అడిగితే ఆ మాట వినాల్సి వస్తుందని భయం.

శుక్రవారం పొద్దున పదిలోపే రెండు కాన్పులయ్యాయి. నెత్తురు కడగడం, రబ్బరు షీట్లు ఉతకడం, బిడ్డకు నీళ్లు పోసి తూకం వేసి బయటున్న వాళ్లకు చూపించడం ఆయమ్మ పని. మగపిల్లాడైతే ఖుషీ అని ఐదొందలు చేతిలో పెడతారు. ఆడపిల్లైతే రెండొందలు, అదీ మొహం పక్కకు తిప్పుకుని. ఎవరికి ఏ బిడ్డ, ఎన్ని గంటలకు, ఎంత బరువు, ఎన్ని కుట్లు, ఇవన్నీ వజ్రమ్మకు నోటికే ఉంటాయి. రాయడం చదవడం రాదు కాబట్టి అన్నీ బుర్రలోనే దాచుకోవడం అలవాటైంది. వారం క్రితం కాన్పు కూడా నిన్న జరిగినట్టే చెబుతుంది.

ఆ జ్ఞాపకమే ఆమెను ఒక పాడు అలవాటులోకి దింపింది.

ఆరేళ్లుగా ఆ దవాఖానకు పట్నం వైపు నుంచి ఒక పసుపు బస్సు వస్తుంది. ఇరవై మంది నర్సింగు పిల్లలు దిగుతారు. పని నేర్చుకోవడానికి అంటారు. మేనేజరు దగ్గర సంతకాలు పెట్టి మెట్ల మీద కూర్చుంటారు, ఫోన్లు చూసుకుంటారు, రెండింటికి బస్సెక్కి పోతారు. వజ్రమ్మకు వాళ్ల కాలేజీ పేరు తెలియదు, బస్సు పిల్లలనే అంటుంది. చదువు అయ్యేలోపు ప్రతి పిల్లా తన చేతుల మీదుగా ఇరవై కాన్పులు చేసి కేసు పుస్తకంలో రాయాలట. తల్లి పేరు, వయసు, బిడ్డ బరువు, అన్నీ. ఇరవై మందికి ఇరవై చొప్పున చేయడానికి అంతమంది గర్భిణులు ఎక్కడి నుంచి వస్తారు? సిస్టరు రిజిస్టరు ముట్టుకోనివ్వదు. అందుకని పిల్లలు వజ్రమ్మ పక్కన చేరతారు. ఆయమ్మ పేర్లు చెబుతుంది, వాళ్లు రాసుకుంటారు. పోతూ పోతూ ఒక బిస్కెట్ పాకెట్టో, యాభై రూపాయలో చేతిలో పెడతారు. ఎవరికీ నష్టం లేని పని అనే వజ్రమ్మ అనుకుంది. పుట్టిన బిడ్డ పుట్టనే పుట్టింది, ఎవరి పుస్తకంలో రాసుకుంటే ఏం?

ఆ శుక్రవారం నాజ్ వచ్చింది. నాజ్ ఈ ఊరి పిల్లే, గాజుల దుకాణం చాంద్ బీ కూతురు, మూడో ఏడు చదువుతోంది. వజ్రమ్మ బట్టలు జాడిస్తుంటే పక్కన బకెట్ బోర్లించి కూర్చుంది.

"ఆయమ్మా, మంగళవారం సంది ఎవరెవరు కన్నరో జర చెప్పరాదుండ్రి. నాకు ఇంక రెండే తక్కువున్నయ్."

"రాసుకో. చిన్నశంకరంపేట మంజుల. ఇరవై రెండేండ్లు, తొలిసూరు. పొద్దుగాల నాలుగ్గొట్టంగ. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందలు, మూడు కుట్లు."

నాజ్ వంగి రాసుకుంటోంది. తెల్ల కోటు జేబు సరిగ్గా వజ్రమ్మ కళ్ల ముందుకు వచ్చింది. జేబు మీద దారంతో కుట్టిన గుండ్రటి ముద్ర. దీపం. దీపానికి అటూ ఇటూ రెండు నెమళ్లు.

వజ్రమ్మ చేతిలోని బట్ట అలాగే ఆగిపోయింది. ఆ జేబును ఆరేళ్లుగా చూస్తూనే ఉంది. ముద్ర అని చూసింది తప్ప ఏ ముద్ర అని ఎప్పుడూ చూడలేదు. తడి చేతులు చీరకు తుడుచుకుని సంచిలోంచి పుస్తకం తీసి పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే.

"బిడ్డా, గిది మీ కాలేజేనా?"

"మాదే. మీకెవరిచ్చిన్రు?" అని నాజ్ పేజీలు తిప్పి చిన్నగా నవ్వింది. "గీ మెషిన్లున్న గదికి తాళమేసుంటది ఆయమ్మా. పెద్దసార్లు చూడనీకె వచ్చిననాడు తీస్తరు, మల్ల ఏస్తరు."

"సొంత దవాఖాన ఉన్నదన్నడు సారు."

"ఇగో, గిదే. మీ దవాఖాననే మా దవాఖాన అని రాసుకున్నరు."

వజ్రమ్మ చుట్టూ చూసింది. ముప్పై మంచాలు, పెచ్చులూడిన గోడ, తాను ఇప్పుడే కడిగిన నేల. ఆరు లక్షలు పోసి కూతురు చేరబోయే కాలేజీ తిరిగి తిరిగి తన బకెట్ దగ్గరికే వచ్చింది. నాజ్ వైపు తిరిగి అడిగింది:

"నీ చేతుల మీద ఎన్ని కాన్పులు చేసినవ్ బిడ్డా?"

"రాసింది మంజులతోని పందొమ్మిది."

"రాసింది కాదు."

నాజ్ పెన్నుకు మూత పెట్టింది. మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది.

"ఒక్కటి," అంది. "గది సుత సిస్టరే పట్టింది. నేను లైటు పట్టిన."

తర్వాత నాజ్ చెప్పిందంతా తల దించుకునే చెప్పింది. మొదటి ఏడే మానేద్దామనుకుందట. ఒరిజినల్స్ కాలేజీ వాళ్ల దగ్గర ఉన్నాయి. నడుమ మానేస్తే నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకుపొమ్మంటారు. అమ్మ దుకాణం మీద అప్పు తెచ్చింది. ఉద్యోగాలు రావని కాదు. ముందు చదివినవాళ్లకు పట్నం దవాఖానల్లో పన్నెండు వేలకు వచ్చాయి. చేరాక సూది పట్టడం కూడా మళ్లీ నేర్పాల్సి వస్తోందని అక్కడి సిస్టర్లు అందరి ముందూ తిడుతున్నారట. ఇద్దరు తట్టుకోలేక ఇంటికి వచ్చేశారు.

"నిస్సిని పంపకుండ్రి అని నేను ఎట్ల చెప్పాలె ఆయమ్మా? నేను చదువుతున్న కాలేజే కద," అంది. రెండో పేరు అడగకుండానే లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వజ్రమ్మ ఇక దాచలేక ఎలిశిబాకు అంతా చెప్పింది. పుస్తకం సంగతి, ముద్ర సంగతి, తాను పేర్లు అమ్ముకున్న సంగతి. ఎలిశిబా తిడుతుందని అనుకుంది. ఎలిశిబా పచ్చడి ముద్ద కలుపుకుంటూ తనకు ఆ పేర్ల సంగతి ఎప్పటినుంచో ఎరుకే అంది. కాలేజీ వాళ్లు డాక్టరమ్మకు ఏడాదికింత అని ఇస్తారు, అందుకని తాను కూడా చూసీ చూడనట్టు ఊరుకుంది.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలె అక్కా? మిషన్‌ల ఎయ్యాల్నా?"

"నా మొఖం చూసి చెప్పు," అంది ఎలిశిబా. "నేను మిషన్‌ల చదివిన. ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు. ఇరవై రెండు వేల జీతం. మోకాళ్లు పోయినయ్. నీ బిడ్డ నన్ను చూసి భయపడుడు తప్పు కాదు. గది సుత లెక్కల పట్టు."

ఆమె ఏదీ దాచలేదు. మిషన్లో పొద్దున ఐదింటికి లేపుతారు, మొదటి ఏడంతా మంచాలు సర్దడం, గిన్నెలు ఎత్తడమే. బాండు రెండేళ్లూ చేతికి వచ్చేది ఖర్చులకు చాలదు. సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే డిప్లొమా వాళ్లనూ తీసుకుంటారు, పడకపోతే డిగ్రీ వాళ్లకూ లేదు, డిప్లొమా వాళ్లకూ లేదు. డిగ్రీ కావాలంటే తర్వాత ఇంకో రెండేళ్లు చదువుకోవచ్చు. జర్మనీ సంగతి తనకు తెల్వదు.

"ఒక్కటి మాత్రం చెప్త," అని చేయి కడుక్కుంటూ అంది. "నన్ను ఈడికెల్లి తీసేస్తమని డాక్టరమ్మ ఎన్నడు బెదిరియ్యలే. నేను లేకుంటే ఆమెకు నిద్ర పట్టది. గంతే నా ఆస్తి."

ఆ సాయంత్రం వజ్రమ్మ ఆటో ఎక్కకుండా ఇంటికి నడిచింది. తొందర లేదు. ఇంటికి పోతే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంతకాలం కూతురి ముందు తాను కష్టపడి బతికే తల్లి. ఎవరి దగ్గరా చేయి చాచని తల్లి.

నిస్సి బియ్యం ఏరుతోంది. చేతికి ఆకుపచ్చ గాజులు.

వజ్రమ్మ గడపలో కూర్చుని, నీళ్లు తాగి, మొదలుపెట్టింది. ముద్ర గురించి చెప్పింది. తాళం వేసిన గది గురించి, నాజ్ లైటు పట్టుకుని నిలబడిన కాన్పు గురించి చెప్పింది. నిస్సి అడ్డం పడింది. ఎవరో ఒకరు సరిగ్గా నేర్చుకోకపోతే కాలేజీ అంతా చెడ్డదవుతుందా అంది. ఎలిశిబా ఆంటీ నేర్పిందా ఈ మాటలు అంది. మంచిగా చదివేవాళ్లు ఎక్కడైనా చదువుతారు అంది. ఆ మాటల్లో న్యాయం లేకపోలేదు. అప్పుడిక వజ్రమ్మ అసలు మాట చెప్పింది.

"వాళ్ల పుస్తకాలు నింపింది నేనే బిడ్డా. ఆరేండ్ల సంది పేర్లు చెప్తున్న. ఒక్క కాన్పు చూడని పిల్లలకు ఇరవై ఇరవై రాయించిన."

నిస్సి చేతులు చాటలోనే ఆగిపోయాయి.

"ఎంతమందికి?"

"లెక్క లేదు."

"ఏమిచ్చిన్రు?"

"బిస్కెట్లు. యాభై, నూరు." వజ్రమ్మ ఆ ఆకుపచ్చ గాజుల వైపు చూసింది. "పోయిన క్రిస్మస్‌కు గాజులు. నాజ్ తెచ్చింది."

నిస్సి తన చేతి వైపు చూసుకుంది. గాజులు తీయలేదు. ఒక్కొక్కటే మణికట్టు మీద తిప్పుతూ కూర్చుంది. పొయ్యి మీద ఎసరు మరిగి పొంగింది, ఇద్దరూ లేవలేదు.

"నువ్వు గట్ల చేస్తవని నేను అనుకోలేదమ్మా," అంది చివరికి.

"నేను సుత అనుకోలే."

రెండు రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. ఆదివారం చర్చికి కూడా విడివిడిగా నడిచారు. ఆదివారం సాయంత్రం నిస్సి, ఎటో చూస్తూ, మిషన్లో ఎన్నో ఏడు నుంచి కాన్పులు పట్టనిస్తారని అడిగింది. రెండో ఏడు నుంచి అని ఎలిశిబా చెప్పిందని, సిస్టరు చేతుల మీద చేతులు పెట్టి పట్టిస్తుందట అని వజ్రమ్మ అంది. నిస్సి లేచింది. లోపలికి పోయి సర్టిఫికెట్ల కవరు తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది.

"ఇది మాత్రం నీ మాట విని కాదు," అంది. "నాజ్ లెక్క లైటు పట్టుకొని నిలబడుడు నాతోని కాదు."

సోమవారం పొద్దున చెప్పిన టైముకే కృష్ణమోహన్ బండి వచ్చి ఆగింది. కవరు ఏదన్నాడు. వజ్రమ్మ లేదంది. అతను నవ్వాడు, బుజ్జగించాడు, తర్వాత గొంతు మార్చాడు. మిషన్లో చేర్పిస్తున్నారని తెలిసి తల అడ్డంగా ఊపాడు.

"మూడేండ్లు బిడ్డతోని బెడ్‌పాన్లు కడిగిస్తరక్కా. గందుకేనా ఇంటర్ చదివించింది?"

"కడగనీ సార్. కడిగే నేను ఆమెను ఇంటర్ చదివించిన."

అతను చల్లారిన చాయ్ వదిలేసి బండెక్కాడు. పోతూ పోతూ చెలక అమ్మే ఆలోచన ఉంటే ఫోన్ చేయమన్నాడు. మెరిసే పుస్తకం తిరిగి అడగడం మరచిపోయాడు. వజ్రమ్మ దాన్ని మడిచి కదిలే మంచం కోడు కింద పెట్టింది.

చెలక అమ్మలేదు. ఐదు నెలలు ఆగితే పూర్తిగా వచ్చే చిట్టీని ముందే పాడుకుంది, ఆరు వేలు పోయాయి. పాస్టరయ్య మిషనుకు సిఫారసు ఉత్తరం రాశాడు. ఆగస్టులో ఒక ముసురు రోజున నిస్సి రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, కానీ బస్సు మలుపు తిరిగేదాకా తల్లి వైపే చూసింది. మొదటి వారం ఫోన్లో ఏడ్చింది. రెండో వారం చేతులు పుండ్లయ్యాయంది. మూడో వారం పనిలో పడి ఫోనే చేయలేదు. నిస్సి నిర్ణయం మంచిదో కాదో వజ్రమ్మకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం వచ్చిన రోజున కదా తెలిసేది.

పసుపు బస్సు మాత్రం వస్తూనే ఉంది. నిస్సి వెళ్లిన వారానికి నాజ్ మళ్లీ బకెట్ బోర్లించి పక్కన కూర్చుంది, పుస్తకం తెరిచింది.

"పేర్లు లేవు బిడ్డా," అంది వజ్రమ్మ.

"మల్ల నా పుస్తకం?"

"లోపల కౌడిపల్లి ఆమె నొప్పులు పడుతున్నది. రెండో కాన్పు, గంటల అయితది. చేతులు కడుక్కొని పోయి నిలబడు. సిస్టర్‌ను అడిగిన."

"తిడ్తది."

"తిడ్తది. తిట్టనీ."

నాజ్ పుస్తకం మూసి పక్కన పెట్టింది. మెట్ల మీది పిల్లలు ఇటే చూస్తున్నారు. తర్వాత లేచింది. తలుపు దగ్గర చెప్పులు విడిచి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని లోపలికి పోయింది. ఎలిశిబా తిట్టడం వినిపించింది. గ్లౌజులు అట్ల కాదు తొడిగేది అనడం వినిపించింది. ఆ తర్వాత ఆ తల్లి అరుపులు తప్ప ఏమీ వినిపించలేదు.

బస్సు రెండింటికి పోవాల్సింది, నాజ్ కోసం హారన్ కొట్టి కొట్టి పోయింది. రెండున్నరకు నాజ్ బయటికి వచ్చింది. కోటు ముందంతా నెత్తురు. వజ్రమ్మ ఎప్పటిలాగే బిడ్డకు నీళ్లు పోసి తూకం వేయడానికి ఎత్తింది.

"మూడు కిలోల నూరు," అని ముందే చెప్పింది నాజ్. "లోపల నేనే తూకం ఏసి చూసిన."

మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఆ రోజు ఒక్క పేరే రాసుకుంది. వజ్రమ్మను ఏమీ అడగలేదు.

రాసింది గోదావరి. ఆ దవాఖానలోనే దుప్పట్లు ఉతికేదాన్ని; కొంత చూశాను, మిగతాది వజ్రమ్మ చెప్పగా విన్నాను. వయసు అరవై రెండు. ఇప్పుడు కౌడిపల్లిలో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.